గ్యారంటీ అక్క ఇంటి అలమర తలుపు

పొద్దుగూకే వేళకి ఆమెకి వంటింట్లో ఒక పని ఉండేది. భర్త వచ్చి పనిముట్ల సంచి గుమ్మం పక్కన దించగానే అందులోంచి డ్రిల్లు మిషను బ్యాటరీలు రెండూ తీసి, పాత గుడ్డతో రంపం పొట్టు తుడిచి, ఒకదాన్ని పొయ్యి గట్టు పక్కనున్న ఛార్జరుకి తగిలించేది. ఎర్ర లైటు వెలిగేది. ఆయన కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, కబుర్లు చెప్పి వెన్ను వాల్చేలోగా ఆ ఎరుపు పచ్చగా మారేది. "మా ఆయనకీ బ్యాటరీకీ ఒక్కసారే కడుపు నిండుతుంది" అని ఆమె నవ్వేది. తర్వాత రెండోదాన్ని పెట్టి పడుకునేది.

ఇప్పుడు ఆ ఛార్జరు రెండు సందుల అవతల మరిది ఇంట్లో ఉంది. గట్టు పక్క ప్లగ్గు ఖాళీ. మిక్సీ పెట్టుకోవచ్చు, ఫోను పెట్టుకోవచ్చు. ఆమె ఏదీ పెట్టదు. కానీ అన్నం పొయ్యి మీద పెట్టాక చెయ్యి దానంతట అదే అటు వెళ్తుంది. వెళ్ళి, ఏమీ దొరక్క, పక్కనే మడతపెట్టి ఉన్న పాత గుడ్డని ఒకసారి సర్ది వెనక్కి వస్తుంది. ఆ గుడ్డకి తుడవడానికి పొట్టు లేకపోయినా ఆమె దాన్ని ఉతికి ఆరేస్తూనే ఉంటుంది.

ఆయన వడ్రంగి. తలుపులు, కిటికీలు, అలమరలు చేసి బిగించేవాడు. ఆమెని మాత్రం వీధిలో ఎవరూ వడ్రంగి భార్య అనరు. గ్యారంటీ అక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కాపురం కొత్తలో కొన్న మిక్సీ నాలుగు నెలలకే కాలిపోయింది. బిల్లు పట్టుకుని వెళ్తే, "రిజిస్టరు చేయించుకున్నారా?" అని అడిగారు. రిజిస్టరంటే ఏమిటో ఆమెకి తెలియదు. బడికి వెళ్ళింది నాలుగేళ్ళు, అదీ తమ్ముణ్ణి చంకనేసుకుని. పొగచూరిన ఆ మిక్సీని ఇంటిదాకా మోసుకొస్తూ, ఇంకెప్పుడూ ఇలా వెర్రిమొహం వేసుకుని తిరిగి రాకూడదని ఒట్టు పెట్టుకుంది. అప్పట్నుంచి ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా, ఇస్త్రీ పెట్టె కానీ, ఫ్యాను కానీ, గోడకి చిల్లులు పెట్టే మిషను కానీ, ముందు దాన్ని రిజిస్టరు చేయాల్సిందే. బిల్లుకి ఫోటో తీసి ఫోన్లో దాచాల్సిందే. అట్టపెట్టె అటక ఎక్కాల్సిందే. "మనింట్లో వస్తువుల కంటే పెట్టెలే ఎక్కువే. ఏదో ఒకరోజు పెట్టెల్లో మనం కూర్చుని వస్తువుల్ని అటకెక్కించాలి" అనేవాడు ఆయన.

చూసి చూసి వీధివాళ్ళూ మొదలుపెట్టారు. కుట్టుపని చేసుకునే పక్కింటి పిన్ని కరెంటు కుట్టుమిషను కొంటే, ముందు తన ఇంటికి కాదు, ఇక్కడికే తెచ్చింది. "నీ చెయ్యి పడితే గానీ దీనికి ఆయుష్షు లేదే" అంది.

చెయ్యి ఆమెదే గానీ కళ్ళు ఆయనవి. అంకెలు ఆమెకి వచ్చు. ఇంగ్లీషు అక్షరాలే రావు. మిషను మీది నంబరులో అంకెలూ అక్షరాలూ కలిసి ఉంటాయి. ఆయన మిషనుని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, బ్యాటరీ ఊడదీసి, అడుగున చీమ తలకాయంత ఉన్న నంబరు చదివేవాడు. ఆమె ఫోన్లో కొట్టేది. అక్షరాలకి ఆయన తన పేర్లు పెట్టాడు. "నిచ్చెన కొట్టు. ఆ తర్వాత సుత్తి. రెండు సున్నాలు. కొంకి, కొంకి... అది కాదే, ఎడమపక్కకి తిరిగిన కొంకి!" నిచ్చెనలూ సుత్తులూ ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఆమె ఒక్కో మీటా నొక్కేది. పని అయ్యాక ఫోను టింగుమంటే ఇద్దరూ పరీక్ష పాసైన పిల్లల్లా ముఖాలు చూసుకునేవాళ్ళు.

అలాంటి ఇంట్లో ఒక్క మిషను మాత్రం రిజిస్టరు కాలేదు.

దాని సంగతి ఇది. పాత డ్రిల్లు మిషనుకి మూతి వదులైంది. చిల్లు వేసే బిట్టు అందులో నిలవడం లేదు. గ్యారంటీ ఇంకా బోలెడుంది, సర్వీసుకి ఇవ్వమని ఆమె నెల రోజులు పోరింది. ఆయనకి తీరిక దొరకలేదు. ఒక సాయంత్రం కొత్తది కొనుక్కుని వచ్చాడు. పసుపు పచ్చగా మెరిసిపోతున్న ఆ మిషనుని ఒళ్ళో పెట్టుకుని, "రావే, కూర్చో. నిచ్చెనతో మొదలు" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. వంటింటి అలమర తలుపుకి మడతబందులు విరిగి ఆరు నెలలైంది. ఆయనే మిగిలిపోయిన చెక్కలతో చేసిన అలమర అది. పై బందు పూర్తిగా ఊడింది. కింది బందు ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. ఉప్పు డబ్బా తీయాలన్నా ఒక చేత్తో తలుపు ఎత్తి పట్టుకోవాలి.

"నేను కూర్చోను" అంది. "పాతదానికి గ్యారంటీ ఉండగా కొత్తది తెచ్చారు. ఊరందరి తలుపులూ బిగిస్తారు, నా తలుపు మాత్రం ఊయల ఊగుతోంది. అది బిగించండి, అప్పుడు రిజిస్టరు చేస్తాను."

ఆయన నవ్వాడు. "అబ్బో, పందెమా? సరే విను. కొత్త మిషను, రిజిస్టరు కాకుండా నీ తలుపుకి పెడితే అపశకునం. ముందు నువ్వు చెయ్యి, మరుక్షణం నేను బిగిస్తా."

"ముందు మీరు."

"ముందు నువ్వు."

కోపం కాస్తా నవ్వులోకి దిగింది గానీ పట్టు సడలలేదు. రిజిస్టరు చేయడానికి ముప్పై రోజుల గడువుంది కదా అని ఆమె ధీమా. ఎక్కడికి పోతుంది తలుపు అని ఆయన ధీమా. పొద్దున్నే పనికి వెళ్తూ "ఇవాళైనా?" అని ఆయన అడిగేవాడు. వంటింట్లోంచి అలమర తలుపుని టకటకా కొట్టి ఆమె జవాబు చెప్పేది. అలా రెండు వారాలు గడిచాయి.

ఆ పందెం అక్కడే ఆగిపోయింది. కొత్తగా కడుతున్న ఒక బడిలో తలుపులు బిగిస్తూ, "కాస్త ఆయాసంగా ఉందిరా" అని తమ్ముడితో చెప్పి గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మిషను ఒళ్ళోనే ఉందట.

సంచిని మరిది తెచ్చి గుమ్మం పక్కన, రోజూ ఉండే చోటే దించాడు. తర్వాత ఎప్పుడో ఆమె అలవాటుగా బ్యాటరీల కోసం అందులో చెయ్యి పెట్టింది. పక్క జేబులో కాగితం పొట్లం తగిలింది. విప్పితే రెండు కొత్త మడతబందులు, గుప్పెడు స్క్రూలు. అంత చిన్న బందులు పట్టే తలుపు ఈ ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేదు. ముందు ఆయనే ఓడిపోవడానికి సిద్ధపడ్డాడు. ఆమె ఆ పొట్లాన్ని మళ్ళీ మడిచి అలమర సొరుగులో వేసింది. ఎవరితోనూ అనలేదు.

గడువు తీరే రోజు ఆమెకి తెలుసు. ఆ రోజు మిషనుని బయటికి తీసింది కూడా. బ్యాటరీ ఊడదీసింది. అడుగున నంబరు చూసింది. నిచ్చెన అని చెప్పే నోరు లేదు. తలుపు చూస్తే అలాగే వేలాడుతోంది. ఇప్పుడు చేస్తే ఎవరి మాట నెగ్గినట్టు? మిషనుని సంచిలో పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మరిది వచ్చాడు. అన్నతోపాటే పని నేర్చుకున్నవాడు, ఇద్దరు చిన్నపిల్లల తండ్రి. తొందరపాటు మనిషి కాబట్టి అందరూ అతణ్ణి సుడిగాలి అంటారు. "వదినా, అన్న ఒప్పుకున్న పనులు నేను పూర్తి చేస్తాను. సంచి తీసుకెళ్ళనా?" అన్నాడు. తీసుకెళ్ళమంది. గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగి, "కొత్త మిషను రిజిస్టరు అయిందిగా?" అన్నాడు. అడిగాక తనే నాలుక్కరుచుకుని, "నిన్నడుగుతున్నానేంటి, పిచ్చి ప్రశ్న!" అన్నాడు.

ఆమె తలూపింది. నోటితో ఏమీ అనలేదు. అబద్ధానికి నోరే అక్కర్లేదు, మెడ ఒక్క అంగుళం వంగితే చాలని ఆమెకి ఆ రోజే తెలిసింది.

ఆ తలూపు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. అతను నెలకోసారి పలకరించడానికి వచ్చినప్పుడల్లా చెప్పేద్దామనుకునేది. "మిషను భలే పని చేస్తోంది వదినా" అని అతనంటే, హమ్మయ్య, ఇవాళ్టికి గండం గడిచిందనుకునేది. పిన్ని మొన్నీమధ్య కొత్త ఇస్త్రీ పెట్టె తెచ్చి, "నీ మనసు కాస్త మళ్ళుతుందని తెచ్చానే" అంటే, కళ్ళు కనిపించడం లేదని చెప్పి పంపేసింది. ఊళ్ళోవాళ్ళ వస్తువుల మీద చెయ్యి వేసే అర్హత తనకి పోయిందనిపించింది.

ఎనిమిది నెలలు నిండుతుండగా ఒక మధ్యాహ్నం సుడిగాలి నిజంగానే సుడిగాలిలా వచ్చాడు. చేతిలో డ్రిల్లు మిషను.

"కాలిన వాసన వచ్చి ఆగిపోయింది వదినా. బ్యాటరీ మార్చినా ఉలుకూ పలుకూ లేదు. ఆస్పత్రి తలుపులు సగంలో ఉన్నాయి. వచ్చే వారానికి ఇవ్వకపోతే పని వేరేవాడికి ఇచ్చేస్తామన్నాడు మేస్త్రీ. ఈ పని పోతే ఆ మేస్త్రీ ఇస్తానన్న మిగతా నాలుగు పనులూ పోయినట్టే." ఊపిరి తీసుకుని, "అయినా నాకేం భయం? గ్యారంటీ అక్క మా వదినే. నీ ఫోన్లో ఉన్న నంబరు చూపించు, ఇప్పుడే సర్వీసు సెంటరుకి పోతా" అన్నాడు.

"నేను తీసుకెళ్తాలే" అంది ఆమె గబుక్కున. "ఆ కౌంటరులో అమ్మాయి నాకు తెలుసు. నువ్వెళితే వరసలో నిలబెడతారు."

"నీకెందుకు శ్రమ..."

"చెప్పానుగా, ఇలా ఇవ్వు." మిషను లాక్కున్నట్టే తీసుకుంది.

సర్వీసు సెంటరులో కౌంటరు అమ్మాయి ఆమెని చూడగానే లేచి పలకరించింది. "ఏంటాంటీ, చాలా రోజులైంది! ఈసారి ఎవరిది?" అంటూ మిషను తిరగేసి, నంబరు కంప్యూటరులో కొట్టి, మళ్ళీ కొట్టి, ముఖం చిట్లించింది. "ఇది రిజిస్టరు కాలేదాంటీ. రిజిస్టరు చేస్తే మూడేళ్ళు. లేకపోతే బిల్లు మీద ఆరు నెలలే. అవి దాటిపోయాయి. లోపల మోటారు పోయింది. ఇప్పుడు బాగు చేయిస్తే కొత్తదాని ఖరీదవుతుంది." ఆగి, గొంతు తగ్గించి, "మీరెలా మర్చిపోయారాంటీ?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి అడిగింది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మిషనుని సంచిలో పెట్టుకుని, తేలు కుట్టిన దొంగలా బయటికొచ్చి, అది అమ్మిన షాపుకి నడిచింది.

షాపతను ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. ఆమె మాట మీద వీధి వీధంతా అతని దగ్గరే కొంటుంది. సంగతి విని, అటూ ఇటూ చూసి, "దీనికింత దిగులెందుకక్కా? పోయిన వారం తేదీ వేసి కొత్త బిల్లు కొట్టిస్తా. ఇవాళే రిజిస్టరు చేసేయ్. పది రోజులాగి, పాడైందని ఇచ్చేయ్. నీకు చెప్పక్కర్లేదు, నీకన్నీ తెలుసు" అన్నాడు. కంప్యూటరు వైపు తిరిగి, "పేరు అన్నదే ఉంచేయనా? పాత బిల్లులో ఆయనదే ఉంది" అన్నాడు.

ఆమె వద్దనలేదు. సరే అనీ అనలేదు. బిల్లు బయటికొచ్చింది. అతను దాన్ని ఆమె ముందు పెట్టాడు.

భర్త పేరు. దాని పక్కన పోయిన వారం తేదీ.

చూస్తూ ఉండిపోయింది. పోయిన వారం ఆయన ఇక్కడికి వచ్చాడు. ఈ బల్ల ముందే నిలబడి, మిషను ఎత్తి చూసి, గాల్లో రెండుసార్లు తిప్పి, ధర దగ్గర గీచి గీచి బేరమాడి, సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. కాగితం అలా చెబుతోంది. ఒక్క నిమిషం ఆమె ప్రాణానికి అది ఎంత చల్లగా ఉందంటే, దాన్ని రవికలో దాచుకుని పరుగెత్తాలనిపించింది. రెండో నిమిషానికి కాగితాన్ని దూరంగా నెట్టింది. బతికుండగా ఆయన అడిగిన చిన్న పని చేసి పెట్టలేదు. పోయాక ఆయన్ని లేపి తెచ్చి, ఆయన చేత అబద్ధం ఆడిస్తోంది. ఆయన ఒక్క స్క్రూ తక్కువ వేసి ఎరగడు.

"వద్దు తమ్ముడూ. చించెయ్" అంది.

"ఎవరికి తెలుస్తుందక్కా?"

"ఆయన పోయిన వారం ఉండి ఉంటే నీ దగ్గరికి నేనొచ్చే పనే ఉండేది కాదు. చించెయ్."

ఇంటికొచ్చేసరికి మరిది గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. పక్కింటి పిన్ని అతనికి టీ ఇచ్చి, తనూ ఒక గ్లాసు పట్టుకుని కబుర్లు చెబుతోంది.

"ఇచ్చేశావా? ఎప్పుడిస్తామన్నారు?" అన్నాడు అతను లేస్తూ.

పిన్ని వెళ్ళేదాకా ఆగుదామనుకుంది. ఆగితే మళ్ళీ మెడ ఊగుతుందని భయం వేసి, సంచి కింద పెట్టి చెప్పేసింది. "అది రిజిస్టరు కాలేదు అబ్బాయ్. నేనే చెయ్యలేదు. ఆ రోజు నువ్వడిగితే అయిందని తలూపాను."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "చెయ్యలేదా? ఊరందరి ఇస్త్రీ పెట్టెలకీ చేశావు. మనింటి అన్నం పెట్టే మిషనుకి చెయ్యలేదా?"

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది" అంది పిన్ని. అనేశాక గ్లాసుతో నోరు మూసుకుంది.

"ఎందుకు వదినా?"

"మీ అన్నకీ నాకూ పందెం. ఆయన తలుపు బిగిస్తే నేను చేస్తానన్నాను."

"పందెమా!" అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీ ఆటలకి నా పని పోయిందే! పోనీ, ఆ రోజే చెప్పి ఉంటే ఆరు నెలల్లోపు ఒకసారి చూపించేవాణ్ణిగా? వేడెక్కుతోందని నాకు అప్పుడే తెలుసు. గ్యారంటీ ఉందిగదా అని వాడేశాను!"

చెయ్యకపోవడం ఒక తప్పు. దాన్ని ఆయన చావు చాటున దాచుకోవచ్చు. తలూపడం మాత్రం పూర్తిగా తనదే. ఈ మాట ఇన్నాళ్ళూ తనకి తానే చెప్పుకుంటోంది. వేరే నోట వినేసరికి అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్ళి అలమరని పట్టుకుంది. తలుపు కిర్రుమని ఊగింది.

అతను సంచి కూడా తీసుకోకుండా విసురుగా వెళ్ళిపోయాడు. పిన్ని టీ గ్లాసులు రెండూ ఏరుకుని, "తిట్టినవాడు తిరిగొస్తాడు లేవే. తిట్టకుండా పోతేనే భయం" అని వెళ్ళింది.

అబద్ధాన్ని కప్పిపుచ్చే తొందరలో ఉన్నవాళ్ళకి కళ్ళెదుట దారి ఉన్నా కనపడదు. అబద్ధం దిగిపోయాక కనపడింది. ఒక్కర్తే కూర్చుని ఆ అలమర తలుపునే చూస్తుంటే, పందెం నాటి తన మాటే తనకి గుర్తొచ్చింది. 'పాతదానికి గ్యారంటీ ఉండగా...'

స్టూలు వేసుకుని అటకెక్కింది. పెట్టెల వెనక పెట్టెలో పాత డ్రిల్లు మిషను ఉంది. మూతి వదులైందని ఆయన పక్కన పడేసినది అదే. తర్వాత అందరూ దాన్ని తుక్కు కింద లెక్కేశారు. ఫోన్లో బిల్లు ఫోటో వెతికి చూసింది. మూడేళ్ళు ఇంకా నిండలేదు. మహా అయితే కొన్ని రోజులున్నాయి. కిటికీ దగ్గర కూర్చుని, మిషనుని ఒళ్ళో బోర్లా పెట్టుకుంది. అడుగున పొట్టు పట్టి ఉంది. ఆ పాత గుడ్డ తెచ్చి తుడిచింది. చాలా నెలల తర్వాత దానికో పని పడింది.

"నిచ్చెన" అంది పైకే. "సుత్తి. ఏడు. కొంకి."

ఫోన్లో ఉన్న నంబరుతో ఒక్కొక్కటే పోల్చుకుంది. అన్నీ సరిపోయాయి. చదివిన గొంతు తనదే. చెయ్యీ తనదే. మధ్యలో అడ్డొచ్చి, అది కాదే అనేవాళ్ళు లేక నంబరు తొందరగా అయిపోయింది.

మర్నాడు కౌంటరు అమ్మాయి కంప్యూటరులో చూసి, "ఇది ఎప్పుడో రిజిస్టరు అయిందాంటీ, మీ వస్తువంటే ఇలాగే ఉంటుంది" అని నవ్వింది. పని ఆగిపోయిందని చెబితే, మిషనుని లోపలికి తీసుకెళ్ళి తొందరగా చెయ్యమని మెకానిక్కుకి చెప్పింది. మూడో రోజుకి మూతి కొత్తది వేసి ఇచ్చారు, పైసా తీసుకోకుండా. కొత్త మిషను పోయినా దాని బ్యాటరీలు నిక్షేపంలా ఉన్నాయి. అదే కంపెనీ కాబట్టి పాతదానికీ పడతాయి. ఆమె దాన్ని మరిది ఇంటికి తీసుకెళ్ళి, అతను లేడంటే తోడికోడలి చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా వచ్చేసింది.

ఆస్పత్రి తలుపులు గడువుకి అయ్యాయి. అయిన రోజు సాయంత్రం అతను నేరుగా ఇక్కడికే వచ్చాడు. సంచి గుమ్మం పక్కన దించాడు. ఆ చప్పుడుకి ఆమె చెయ్యి తెలియకుండానే ప్లగ్గు వైపు వెళ్ళి ఆగింది.

"ఆ రోజు నోరు జారాను వదినా."

"జారలేదు. ఉన్నదే అన్నావు."

"ఉన్నదే అనుకో. కానీ అంత గట్టిగా అనాల్సింది కాదు. ఇంటికెళ్తే మీ తోడికోడలు నాకు రెండు తగిలించినంత పని చేసింది." చెవి రుద్దుకుంటూ వంటింట్లోకి తొంగి చూశాడు. "అదేనా ఆ పందెం తలుపు? ఎంతసేపు పని, పావుగంట. మడతబందులు ఎక్కడో ఒకచోట కొంటా. మిషను చేతిలోనే ఉంది."

బందులు సొరుగులో ఉన్నాయని ఆమె చెప్పలేదు. ఈసారి ఊరుకోవడం అబద్ధం అనిపించలేదు.

"వద్దు అబ్బాయ్" అంది.

"ఎందుకొద్దు? ఎప్పుడో నీ కాలి మీద పడుతుంది."

"పడనీ. అది మీ అన్న చెయ్యాల్సిన పని. ఆయన చెయ్యబోయాడు, నేనే ముందు తగ్గలేదు. ఇప్పుడు నువ్వు బిగిస్తే నేను గెలిచినట్టవుతుంది. నాకొద్దు ఆ గెలుపు."

అతను ఆమెని చూశాడు, తలుపుని చూశాడు. వాదించే మనిషే, ఎందుకో వాదించలేదు. "పోనీ కింద ఒక్క స్క్రూ అన్నా..."

"ఒక్క స్క్రూ కూడా. కూర్చో, అన్నం తిని వెళ్దువు గాని. పక్కింటి పిన్నిని కేకెయ్, ఆ ఇస్త్రీ పెట్టె తెమ్మను. దాని గడువు కూడా దగ్గరపడింది."

అతను కేకేయడానికి వెళ్ళాడు. కూరలో ఉప్పు వేయలేదని గుర్తొచ్చి ఆమె అలమర దగ్గరికి వచ్చింది. వేలాడుతున్న తలుపుని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో ఉప్పు డబ్బా తీసుకుంది. తర్వాత తలుపుని మెల్లగా, ఆయన వదిలి వెళ్ళిన చోటికే వదిలేసింది.